నలభై నాలుగున్నర దెబ్బలు

మా టీచరమ్మ పోయేనాటికి ఆమెకు తొంభై ఏళ్ళని ఇప్పటికి పదిమందికి చెప్పాను. డెబ్బై తొమ్మిది. తొంభై అంటే వినేవాళ్ళు కాస్త సర్దుకుని కూర్చుంటారని అలా చెబుతాను. ఆమే ఉంటే ఎర్ర సిరా పెన్ను మూత తీసి, తొంభైని అడ్డంగా కొట్టేసి, "పదకొండు ఎక్కువేశావు ఉస్తాదూ" అనేది.

ఉస్తాదు నేనే. సికిందరాబాదు మొత్తానికి హెవీ మెటల్ సంగీతాన్ని పరిచయం చేసిన వాడిని కాబట్టి ఆ పేరు వచ్చింది. సరే, సికిందరాబాదుకు కాదు, మల్కాజ్‌గిరికి. అదీ నమ్మరంటే, మల్కాజ్‌గిరిలో రైలు గేటుకు రెండు సందుల అవతల ఒక మేడమీది గదికి. ఆ గదిలో నేను అద్దెకుండేవాడిని. కింది వాటాలో టీచరమ్మా, ఆమె చెల్లెలూ ఉండేవారు.

అప్పటికి నాకు నలభై దాటాయి. పార్సిల్ ఆఫీసులో గుమస్తాని. జుట్టు పెంచుకునే వయసూ కాదు, ఉద్యోగమూ కాదు. కానీ ఒక ఆల్బమ్ నా చేతికి వచ్చింది. దాన్ని నాకు ఓడ కెప్టెన్ ఒకాయన స్వయంగా ఇచ్చాడని మా వాళ్ళకు చెప్పాను. ఆ ఓడ సంగతి తర్వాత చెబుతాను, అందులో కొంచెం నిజం ఉంది.

గంటకు పైన సాగే ఆల్బమ్ అది. ఎనిమిది నిముషాలకు తక్కువ పాట ఒక్కటీ లేదు. మామూలు పాటయితే రెండుసార్లు వింటే పల్లవి నోటికొస్తుంది. దీంట్లో పల్లవి అనేది ఒకసారి కనిపించి, బస్సు కిటికీలోంచి చెయ్యూపిన చుట్టంలా వెళ్ళిపోతుంది, మళ్ళీ రాదు. పరుగెత్తే డ్రమ్ములు ఉన్నట్టుండి ఆగిపోతాయి. ఒక గిటారు జోలపాడుతుంది. మనం కాస్త కళ్ళు మూసుకుంటామో లేదో, ఇనుపరేకుల లారీ బోల్తాపడ్డట్టు అందరూ ఒక్కసారి మీదపడతారు. మొదటిసారి విన్నప్పుడు నాకు భయం వేసింది. రెండోసారి కోపం వచ్చింది. మూడోసారి ఆఫీసుకు సెలవు పెట్టాను.

ఆదివారం నాలుగింటికి మా గదిలో సభ. వందమంది వచ్చేవాళ్ళు. కాదు, ఇరవై. సరే, ఇద్దరు. ఒకడు సందు చివర బట్టలు కుట్టే దర్జీ. రెండోవాడు పాలిటెక్నిక్ చదివే విద్యార్థి. మా ఆవిడ మూడున్నరకే బన్సీలాల్‌పేట్‌లో వాళ్ళక్క ఇంటికి బయల్దేరేది. "వాళ్ళు పోయినంక మనిషిని పంపు, వస్తా," అనేది. తక్కువమందిమే అయినా మా అభిమానం తక్కువేం కాదు. మూడో పాటలో గిటారు ఏడుస్తుందా, నవ్వుతుందా అని ఆ ఇద్దరూ రెండు వారాలు మాట్లాడుకోలేదు.

"ఏడుస్తదన్నా. పానం పోయేటట్టు ఏడుస్తది," అనేవాడు దర్జీ.

"ఏందన్నా నీ ముచ్చట? అది నవ్వుడే. మస్తు కోపం మీద నవ్వుతుంది," అనేవాడు విద్యార్థి.

నన్ను తీర్పు చెప్పమన్నారు. "అది నవ్వి ఏడుస్తది" అన్నాను. ఉస్తాదు పదవి అలాంటి మాటల మీదే నిలబడింది. పాటల ఇంగ్లీషు నాకూ సగం అర్థమయ్యేది కాదు. కాలాన్ని గోలెంలో బంధించిన రాజు కథ అని ఒకటి నేనే కల్పించి చెప్పాను. దర్జీ ఆ రాజు బొమ్మను తన చొక్కా వీపున దారంతో కుట్టుకున్నాడు.

అలాంటి ఒక ఆదివారం, పాట నడిమధ్యలో, తలుపు మీద గొడుగు పిడితో కొట్టిన చప్పుడు. తీశాను. తెల్లచీర, ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలు, ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో లెక్కల పరీక్ష పేపర్ల కట్ట. కింది వాటా టీచరమ్మ. ఆడపిల్లల హైస్కూల్లో లెక్కలు చెప్పేది. ఆలస్యంగా వచ్చిన పిల్లల చేత గోడకుర్చీ వేయించి, తనే పక్కన నిలబడి అంకెలు లెక్కపెట్టేదని ఆ పేటంతా చెప్పుకునేవాళ్ళు.

"ఇక్కడ పెద్దవాడెవరు?" అంది.

మిగిలిన ఇద్దరూ నన్ను చూపించారు. అంత ఐకమత్యం వాళ్ళలో అంతకుముందు చూడలేదు.

"సౌండు తగ్గిస్తమమ్మా. జెర ఎక్కువైంది," అన్నాను.

"సౌండు సంగతి కాదయ్యా. ఆ డ్రమ్ములబ్బాయి తప్పు వాయిస్తున్నాడా, మీరు తప్పు ఊగుతున్నారా?"

దర్జీ వంగి తన కాళ్ళ వైపు చూసుకున్నాడు.

"కింద పేపర్లు దిద్దుకుంటున్నాను. పాట ఏడు దెబ్బల తాళంలో నడుస్తోంది. నా పెన్నూ ఏడులో పడింది, బానే ఉంది. మీ ముగ్గురి కాళ్ళూ మాత్రం నా నెత్తిమీద నాలుగులో పడుతున్నాయి. ఏడూ నాలుగూ కలిసిపోయి ఒక పిల్లకి పదకొండు మార్కులు ఎక్కువేసేశాను. ఇప్పుడా పిల్ల పాసయిపోయింది. మీదే పాపం."

చెప్పి వెళ్ళిపోతుందనుకున్నాను. కుర్చీలో కూర్చుంది. "మళ్ళీ వెయ్యి," అంది.

ఆమె గురించి చెప్పాలంటే నాకు మొట్టమొదట ఆ రెండు మాటలే గుర్తొస్తాయి. మళ్ళీ వెయ్యి. తర్వాతి సంవత్సరంలో ఆ మాట నాతో వెయ్యిసార్లు అని ఉంటుంది. ఇది పెంచి చెప్పడం కాదు.

ఆమె వింటున్నప్పుడు ముఖం చూడకూడదు, వేళ్ళు చూడాలి. బొటనవేలు మిగతా వేళ్ళ కణుపుల మీద నడుస్తూ ఉండేది. మూడు, రెండు, రెండు. మళ్ళీ మూడు, రెండు, రెండు. "ఇది త్రిపుట. మా కీర్తనల పుస్తకంలో ప్రతి కీర్తన నెత్తినా రాగం, తాళం రాసి ఉంటాయి. చిన్నప్పుడు మా నాయన ఒళ్ళో కూర్చుని నేర్చుకున్నాను. వీళ్ళు కోపంగా వాయిస్తున్నారు కానీ తాళం అదే," అంది. వాళ్ళ నాయన తెనాలి దగ్గర ఏదో ఊళ్ళో బడిపంతులు, ఆదివారాలు కీర్తనలు పాడించేవాడట. ఆమె కూడా బొల్లారం దగ్గర వాళ్ళ చర్చిలో పాటల బృందానికి ఇరవై ఏళ్ళుగా నాయకురాలు.

ఆ సాయంత్రమే మా ముగ్గురికీ తల ఊపడం నేర్పింది. దర్జీని గోడ వైపు తిప్పి నిలబెట్టి, చెవిలో లెక్కపెట్టింది.

"మూడో అంకె మీద దించు. అక్కడ కాదు! ఊరికే ఊపితే మెడనొప్పి తప్ప ఏం మిగలదు."

"టీచరమ్మా, నాకు లెక్కలు రావు. ఆరులనే ఆపేసిన," అన్నాడు వాడు.

"మిషను తొక్కుతావుగా? కాలితో లెక్కపెట్టు. తల దానంతటదే వస్తుంది."

వచ్చింది. ఆ క్షణంలో దర్జీ ముఖం చూడాలి. మూడు నెలలుగా తాళం వేసి ఉన్న ఇంటి ముందు కూర్చున్నవాడికి తలుపు తీసినట్టుంది. మాకూ అంతే. అప్పటిదాకా ఆ ఆల్బమ్‌ని మేం ప్రేమించాం. ఆ రోజు నుంచి అది మాకు అర్థం కావడం మొదలైంది.

ఆదివారం ఉదయం చర్చి, మధ్యాహ్నం భోజనం, నాలుగింటికి మా గది. ఆమెకు అదే వరుస. హెవీ మెటల్ అనే మాట ఆమె నోట ఎన్నడూ రాలేదు. "మీ లెక్కల పాటలు" అనేది. పాడే మనిషిని "ఆ గొంతు చించుకునే అబ్బాయి" అనేది. అతనికి మిరియాల పాలు ఎవరైనా ఇస్తున్నారా అని అడిగింది ఒకసారి. డ్రమ్ములు వాయించే అతని కోసం ప్రార్థన కూడా చేసింది. "ఎంత కష్టపడుతున్నాడు! ఒక్క తప్పు లేదు. వాళ్ళమ్మ ఎంత మంచిదో," అంది.

ఈ సంగతి వాళ్ళ పాస్టరు గారి దాకా పోయింది. ఆయన ఇంటికొచ్చి, కాఫీ తాగి, నెమ్మదిగా అన్నాడట: "టీచరమ్మగారూ, అది సైతాను సంగీతం అంటున్నారమ్మా."

"సైతానుకి ఇంత లెక్క రాదయ్యగారూ," అందట ఆమె.

ఆ మాట ఆయన తర్వాతి ఆదివారం ప్రసంగంలో చెప్పాడని, జనమంతా చప్పట్లు కొట్టారని నేను చాలా చోట్ల చెప్పాను. ఆయన చెప్పలేదు. ఇంకో కప్పు కాఫీ తాగి వెళ్ళాడు.

ఆమె పెట్టుకున్న పెద్ద పని వేరే ఉంది. ఆల్బమ్ మొత్తానికి పటం గియ్యడం. పరీక్షల్లో మిగిలిపోయిన అదనపు కాగితాలు ఒకదానికొకటి అన్నంమెతుకులతో అంటించి, చాపచుట్టలా చుట్టింది. ఒక్కో గడిలో ఒక్కో ఆవర్తనం, అంటే తాళం ఒక చుట్టు. ఏడుకు నీలం, అయిదుకు ఆకుపచ్చ, తొమ్మిదికి పెన్సిలు. విప్పితే మల్కాజ్‌గిరి స్టేషను దాకా పరవచ్చు. సరే, మా గది గుమ్మం నుంచి మెట్ల మొదటిదాకా. దాన్ని నేల మీద పరిచి, మేం మోకాళ్ళ మీద దాని వెంట పాకుతూ పాట వినేవాళ్ళం. ఏ గడిలో ఉన్నామో టీచరమ్మ గొడుగు మొనతో చూపించేది. ఆ సుఖం మాటల్లో చెప్పడం కష్టం. గిటారు తప్పిపోయిందనుకున్న చోట అది తప్పిపోలేదనీ, తొమ్మిది గళ్ళ అవతల అందరూ ఒకే గడి మీద కలుసుకోబోతున్నారనీ ముందే తెలిసి ఎదురుచూడటం! కలుసుకోగానే విద్యార్థి "అబ్బబ్బా!" అని బోర్లా పడుకునేవాడు.

పటంలో పాట ఆగి నిలిచే చోట ఆమె ఒక గుర్తు వేసేది. చిన్న గొడుగు, దాని కింద చుక్క. వాళ్ళ క్వయర్ కాగితాల్లోనూ అదే గుర్తు. ఒకసారి వాళ్ళ సాధన చూడటానికి వెళ్ళాను. గొడుగు వచ్చిన చోట ఆమె ఎడమచెయ్యి పైకెత్తి పట్టుకునేది. ముప్పైమంది ఊపిరి బిగబట్టి ఆ చేతినే చూసేవాళ్ళు. "గొడుగు ఉన్నచోట నేను చెయ్యి దించేదాకా ఎవరూ కదలొద్దు. ఎంతసేపని అడగొద్దు. దించుతాను," అనేది.

ఇక అసలు సంగతి. వానాకాలం అయ్యేసరికి పటమంతా నిండింది. ఒక్క గడి తప్ప. చిట్టచివరి పాటలో, ఏడు మీద ఏడు మీద ఏడుగా సాగే చోట, ఒక ఏడు నాలుగున్నరకే ఆగిపోయి తర్వాతిది మొదలవుతోంది. అయిదు కాదు, ఆరు కాదు, నాలుగున్నర.

"అర ఏంటి, అర?" అంది. "వీళ్ళు అర వెయ్యరు. మళ్ళీ వెయ్యి."

మళ్ళీ వేశాను. నాలుగున్నర. ఆ గడిలో ఎర్ర సిరాతో ప్రశ్నార్థకం పెట్టింది.

ఇప్పుడు ఓడ సంగతి చెప్పాలి. బొల్లారంలో ఒక రిటైరైన సుబేదారు గారు ఉండేవారు. ఆయన కొడుకు ఓడలో వంటవాడు. అతను పై దేశం నుంచి తెచ్చి ఇంట్లో పడేసిన రికార్డుల్లోది ఈ ఆల్బమ్. సుబేదారు గారు వాటిని గడప దాటనిచ్చేవారు కాదు. "కావాలంటే ఇక్కడే ఎక్కించుకో. కానీ నేను వాకింగుకు పోయినప్పుడు. ఆ గోల నా చెవిన పడొద్దు," అన్నారు. నేను అరవై నిముషాల క్యాసెట్టు తీసుకుని వెళ్ళాను. ఆల్బమ్ దానికంటే అర నిముషం ఎక్కువుంది. చిట్టచివర రాజు అరిచే అరుపు దగ్గరికి వచ్చేసరికి టేపు అయిపోయింది. ఆ అరుపు లేకపోతే ఇంకేముంది? సుబేదారు గారు వచ్చే వేళయింది. చివరి పాట వెనక్కి తిప్పి మళ్ళీ ఎక్కించాను. నడుమ ఒకచోట వాయించిందే వాయిస్తున్నారు కదా అని అక్కడ పాజ్ బటన్ నొక్కి, అర నిముషం పోనిచ్చి, వదిలాను. అరుపు దక్కింది. మా వాళ్ళకు మాత్రం "అక్షరం పొల్లు పోకుండా మొత్తం" అని చెప్పాను. ఇంత పెద్ద అడవిలో ఒక కొమ్మ కొడితే ఎవడికి తెలుస్తుంది అనుకున్నాను.

కింది వాటాలో లెక్కల టీచరు ఉందని అప్పుడు నాకేం తెలుసు?

అప్పుడే చెప్పేస్తే నవ్వుకుని పోయేది. నేను చెప్పలేదు. ఉస్తాదుని కదా. వారం గడిచింది. రెండు వారాలు. ఆమె ఆ చోటనే వింటోంది. ముందు లెక్క మార్చి చూసింది, తర్వాత కణుపులు మార్చింది. చెల్లెలి చేత వేడి నూనె చెవిలో పోయించుకుంది. వాయించేవాళ్ళని మాత్రం ఒక్కమాట అనలేదు.

"వాళ్ళు తప్పు చెయ్యరు ఉస్తాదూ. నాకే వినపడటం లేదు. రెండున్నర దెబ్బలు నా చెవిలోంచి జారిపోతున్నాయి."

"అట్లేం లేదమ్మా. టేపు జెర పాతదైంది," అన్నాను.

"టేపు పాతదైతే అంతటా జారాలి కదయ్యా. ఇక్కడే ఎందుకు?"

నేను మంచినీళ్ళకని లేచాను.

దసరా వెళ్ళాక ఒక సాయంత్రం దర్జీ వచ్చాడు, చేతిలో కొలతల టేపు పట్టుకుని. చర్చి క్వయర్‌కు క్రిస్మస్ గౌన్లు కుట్టే పని వాడికే వచ్చింది.

"అన్నా, అందరి కొలతలు తీసుకున్న. టీచరమ్మ ఇయ్యనన్నది."

"ఏమైందట?"

"ఈసారి నేను నిలబడనన్నది. పాస్టరయ్యకు సుత చెప్పేసిందంట, వేరే మనిషిని చూసుకోమని. మొన్న సాధనల చెయ్యి దించాల్సిన కాడ దించలే, అందరు పరేషాన్ అయిండ్రంట. చెవి పోయింది, లెక్క పోయింది, ఇంక నేనెందుకు అన్నదంట. అన్నా, గామె నిలబడకపోతే గా గౌన్లు నేను ఎవలకు కుట్టాలె?"

వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ పాటల పటం మీద వాడు నాకంటే ఎక్కువసార్లు పాకాడు.

ఆ రాత్రే కిందికి దిగి ఆమె ముందు నిలబడి తప్పు ఒప్పుకున్నాను. ఆమె నన్ను క్షమించింది.

అని రాద్దామనుకున్నాను. పాతికేళ్ళుగా నాకు నేను చెప్పుకునే కథలో అలాగే జరుగుతుంది. జరిగింది ఇది. మర్నాడు తొంభై నిముషాల క్యాసెట్టు కొనుక్కుని బొల్లారం వెళ్ళాను. సుబేదారు గారికి జలుబు, వాకింగు లేదు. బతిమాలితే ఒప్పుకుని, మఫ్లరు చెవుల చుట్టూ కట్టుకుని గంటసేపు నా ఎదురుగా కూర్చున్నారు. చివరి అరుపు అయ్యాక, "ఐపోయిందా? ఇంకెవరన్న చావాల్నా?" అని అడిగారు. ఆ క్యాసెట్టులోని టేపు చుట్టను విప్పి, పాత క్యాసెట్టు డబ్బాలో, నా చేతిరాత ఉన్న చీటీ కింద అమర్చాను. చిన్న స్క్రూ డ్రైవరుతో రెండు గంటల పని. నిజం చెప్పడానికి అర నిముషం పట్టేది.

ఆదివారం ఆమెను బలవంతంగా పైకి పిలిపించాను. అందరూ చూస్తుండగా దూదికి స్పిరిట్ అద్ది, టేప్ రికార్డరు హెడ్డు తుడిచాను. "ఇన్నాళ్ళు దీంట్ల దుమ్ము ఉండె. దుమ్ము శబ్దాన్ని తింటది," అన్నాను, ఆపరేషన్ చేసే డాక్టరులా. చివరి పాట పెట్టాను.

ఆమె పటం విప్పనే లేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆ చోటు దగ్గరపడేసరికి బొటనవేలు దానంతటదే కదిలింది. మూడు, రెండు, రెండు. నాలుగున్నర వచ్చింది. ఆగలేదు. అయిదు, ఆరు, ఏడు. మళ్ళీ ఏడు. మళ్ళీ. ఆమె వీపు నిటారయింది. దర్జీ కాలు నేల మీద మిషను తొక్కుతోంది. విద్యార్థి నోరు తెరుచుకుని ఉంది, ఆ పాటలో వాడు ఎన్నడూ వినని ముక్క అది. ఆరు పూర్తి ఏడులు గడిచి, మాకు తెలిసిన చోట పాట కలిసింది.

రాజు అరిచాడు. టేపు ఆగింది.

"దొరికింది," అంది టీచరమ్మ. చిన్నపిల్లలా అంది. కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. "నా చెవి బానే ఉంది."

"టీచరమ్మా, కొలతలు!" అన్నాడు దర్జీ, మెడలో టేపు అప్పటికే తీస్తూ.

"తీసుకో. పొడుగు కాస్త పెంచు, కిందటేడు పిక్కలు కనపడ్డాయి."

తర్వాత నా వైపు తిరిగింది. "స్పిరిట్ ఎంత వేశావు ఉస్తాదూ?"

"రెండు చుక్కలమ్మా."

"రెండు చుక్కలకి నలభై నాలుగున్నర దెబ్బలు," అంది. "మహత్యమే."

"అన్నా, మాది సుత కడుగవా?" అన్నాడు విద్యార్థి. ఆ వారమంతా మల్కాజ్‌గిరిలో స్పిరిట్ దొరకలేదు. సరే, మా సందులో మందుల షాపులో ఒక సీసా తగ్గింది.

ఆమె నన్నే చూస్తోంది. ఎడమచెయ్యి కొంచెం పైకి లేచింది, ఏదో చెప్పబోతున్నట్టు. గేటు దగ్గర లోకల్ రైలు కూత వేసింది. కింది నుంచి చెల్లెలు, "అక్కా, టీ చల్లారిపోతోంది" అని పిలిచింది. ఆమె లేచి పటం చంకన పెట్టుకుని దిగిపోయింది.

ఆ క్రిస్మస్‌కు ఆమె నిలబడింది. నేనూ నిలబడ్డాను, బాసు అనే లావు గొంతుల వరుసలో, దర్జీ కుట్టిన గౌనులో. "నువ్వొక మనిషివి కావాలి నాకు" అని స్వయంగా పిలిచింది. హిందువుని, అయినా చర్చిలో బాసు పాడానని నేను చాలా సభల్లో చెప్పుకున్నాను. పాడలేదు. పాడొద్దంది. "నువ్వు నోరు తెరవొద్దు. గొడుగు వచ్చినప్పుడు ఎంతసేపు ఆగామో లెక్కపెట్టి నాకు చెప్పు, చాలు," అంది. ప్రతి గొడుగు దగ్గరా చెయ్యి ఎత్తి, ముప్పైమందిని వదిలి నన్నే చూసేది. ఎంత అభిమానం నా మీద అనుకున్నాను.

ఆ తర్వాత మేం ఇల్లు మారాం. నేను రిటైరయ్యాను. ఏటా క్రిస్మస్ మర్నాడు కేకు తీసుకుని వచ్చేది, లేదా పంపేది. వచ్చినప్పుడల్లా కుర్చీలో కూర్చుని, "ఇంకేంటి ఉస్తాదూ, విశేషాలు?" అని అడిగేది. అడిగి, చాలాసేపు ఆగేది. నేను విశేషాలు చెప్పేవాడిని. ఎన్నో చెప్పేవాడిని.

పోయిన నెల దర్జీ ఫోన్ చేశాడు, టీచరమ్మ పోయిందని. చర్చిలో ప్రార్థన అయ్యాక బయట ఆవరణలో టీ ఇస్తున్నారు. దర్జీ గడ్డం తెల్లబడింది, ఇప్పటికీ క్వయర్ గౌన్లు వాడే కుడతాడు. విద్యార్థికి బట్టతల, వాడి కింద పదిమంది ఇంజనీర్లు. టీచరమ్మ చెల్లెలు మా దగ్గరికి వచ్చి, పాత దిండుగలీబులోంచి కాగితపు చుట్ట తీసింది.

"ఇది మీకిమ్మంది," అంది నాతో.

ప్రహరీ గోడ మీద పరిచాం. నీలం, ఆకుపచ్చ, పెన్సిలు. మెతుకులు ఎండి అక్కడక్కడా ఊడిపోయింది. దర్జీ వేలు గళ్ళ మీద నడిచింది, కాలు కింద మిషను తొక్కుతూనే ఉంది. చివరి పాట. ఆ గడి. ఎర్ర ప్రశ్నార్థకం కొట్టేసి ఉంది. పక్కన అంకె: నలభై నాలుగున్నర. దాని కింద "ఉస్తాద్" అని నా పేరు. పేరు మీద చిన్న గొడుగు, కింద చుక్క.

"గిక్కడ పాట ఆగదు గదా అన్నా," అన్నాడు దర్జీ. "గీ గొడుగేంది?"

"నేనూ అడిగాను," అంది చెల్లెలు. "ఎన్నేళ్ళ క్రితమో. ఇంకా చెయ్యి దించలేదులే, అంది."

అప్పుడు చెప్పాను. అరవై నిముషాల క్యాసెట్టు, పాజ్ బటన్, బొల్లారం, స్క్రూ డ్రైవరు, ఓడ కెప్టెన్ కాదు వంటవాడు, అన్నీ. గోలెంలో రాజు కూడా లేడని చెప్పాను. ఒక్కటీ పెంచలేదు.

దర్జీ అన్నాడు: "అంటే స్పిరిట్ గూడ అబద్ధమేనా? అన్నా! గప్పటి సంది నేను కుట్టు మిషిన్ సుత స్పిరిట్‌తోనే కడుగుతున్న!"

విద్యార్థి ముందు నవ్వాడు. తర్వాత చెల్లెలు, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని. పాస్టరు గారు దూరం నుంచి ఇటు చూశారు.

"టీచరమ్మ ఉంటే ఏం చేస్తుండెనో తెలుసు గదా," అన్నాడు దర్జీ, గోడ చూపిస్తూ.

తెలుసు. ఆ గోడకే వీపు ఆనించి, మోకాళ్ళు వంచి, లేని కుర్చీలో కూర్చున్నాను. అరవై అయిదేళ్ళ గోడకుర్చీ. దర్జీ ఏడులో లెక్క మొదలుపెట్టాడు. టీ కప్పులతో జనం చుట్టూ చేరారు. చెల్లెలు ఎన్నడూ క్వయర్ ముందు నిలబడిన మనిషి కాదు. ఎందుకు తోచిందో, ఎడమచెయ్యి పైకెత్తి పట్టుకుంది.

నలభై నాలుగున్నర దెబ్బలూ కదలకుండా కూర్చున్నాను.

కాదు. వీపు గోడ మీద జారింది, చతికిలబడ్డాను. దర్జీ, విద్యార్థి చెరో రెక్క పట్టుకుని లేపారు. చెల్లెలు నన్ను చూసి, అచ్చం వాళ్ళక్క దించినట్టే, నెమ్మదిగా చెయ్యి దించింది.

పదకొండు. పదకొండే కూర్చున్నాను.